వాల్వక్క పీజీ చదువు

నీటి సరఫరా శాఖలో ఇరవై ఒక్క ఏళ్ళు వాల్వులు తిప్పిన మనిషికి, నలభై నాలుగో ఏట పర్యావరణం, అంతర్జాతీయ అభివృద్ధి అనే పీజీ మీద మనసు ఎందుకు పడిందని చాలామంది అడిగారు. జ్ఞానతృష్ణ అని చెప్పుకుంటే గౌరవంగానే ఉండేది. అసలు కారణం మాత్రం ఒళ్ళుమంట.

ఆమె అసలు పేరు శాఖవారి హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినబడదు. వార్డు మొత్తానికి ఆమె వాల్వక్క. పొద్దున్న ఐదింటికి పంపుహౌసు తలుపు తీసి, నాలుగడుగుల ఇనుప కీ భుజాన వేసుకుని, వీధి వీధికీ వెళ్ళి, గుంత మూత ఎత్తి వాల్వు తిప్పేది. ఏ వాల్వు ఎన్ని చుట్లు తిప్పితే ఏ వీధి చివరింటికి నీళ్ళెక్కుతాయో ఆమెకు కంఠతా వచ్చు. తన సొంత వీధి, కాలువ గట్టు వీధికి, పదమూడు చుట్లు. పద్నాలుగో చుట్టు తిప్పితే పై వీధి పెద్దమనుషులు ఫోన్లు చేస్తారు. పన్నెండుతో ఆపితే ఇంట్లో అత్తగారే చాలు.

పాత పర్యవేక్షకుడు రిటైరైనప్పుడు ఆ పోస్టు వాల్వక్కదేనని స్వీపరు నుంచి స్టోరుకీపరు దాకా అందరూ అనుకున్నారు. ఆమె కూడా అనుకుంది, పైకి అనలేదు గానీ. తీరా చూస్తే ఆ పోస్టుకి అర్హత మారింది. పర్యావరణంలో పీజీ ఉండాలట. ఇరవై ఆరేళ్ళ చిన్న సారు ఒకాయన కొత్త బూట్లతో వచ్చి చేరాడు. మంచి మనిషే. మొదటి రోజు వాల్వు గుంత దగ్గర వంగి చూసి, ఎంతో వినయంగా అడిగాడు.

"అక్కా, ఇది ఎటు తిప్పితే మూసుకుంటుంది?"

"గడియారం ముల్లు ఎటు తిరుగుతుందో అటు సార్."

ఆయన తన చేతి గడియారం వంక చూసుకున్నాడు. అందులో ముళ్ళు లేవు, అంకెలే ఉన్నాయి.

ఆ రోజే ఆమె ఆరా తీసింది. "మీరు చదివినదాంట్లో ఏం చెప్తారు సార్?"

ఆయన కాసేపు ఆలోచించాడు. "అన్నిటినీ కలిపి చూడటం నేర్పుతారక్కా."

అన్నిటిలో వాల్వు లేదన్నమాట అనుకుంది వాల్వక్క. అనుకుని, పెట్టె అడుగున పడున్న పాత డిగ్రీ పట్టా బయటికి తీసి, ఆ సాయంత్రమే కాలేజీకి వెళ్ళి దరఖాస్తు ఫారం తెచ్చుకుంది.

ఇంట్లో చెప్పగానే భర్త నవ్వాడు. ఆయన లిఫ్టు మెకానిక్కు. ప్రపంచంలో ఏ సంగతైనా లిఫ్టుతో పోల్చి చెప్పకపోతే ఆయనకు అన్నం సహించదు.

"పైకి వెళ్ళడానికి ఎవరికైనా రెండే దార్లు. మెట్లు, లిఫ్టు. నువ్వేమో గోడెక్కుతానంటున్నావు."

"మీ లిఫ్టు నా కోసం ఆగలేదండీ. అందుకే గోడ."

అత్తగారు మాత్రం నవ్వలేదు. ఆవిడ ఒక అచ్చాపీసులో ముప్పై ఏళ్ళు కంపోజిటరుగా పనిచేసింది. సీసపు అక్షరాలను తలకిందులుగా, కుడి నుంచి ఎడమకు చదివి పేర్చిన చెయ్యి. "చదువుకో అమ్మాయ్. ముప్పై ఏళ్ళూ ఊళ్ళోవాళ్ళు రాసిందే పేర్చాను. ఇంట్లో ఒకరు రాస్తే చూడాలని ఉంది. అచ్చుతప్పులుంటే మాత్రం ఊరుకోను," అంది.

ఆ కాలేజీలో క్షేత్రస్థాయి ఉద్యోగులకని ఒక సీటు ప్రత్యేకంగా అట్టేపెట్టారు. ఆరేళ్ళుగా అది ఖాళీగా ఉంది. ఖాళీగా ఉండటమే దాని ఉద్దేశమని, ఎవరో ఒకరు నిజంగా వస్తారని వాళ్ళు ఊహించలేదని వాల్వక్కకు ఇంటర్వ్యూ గదిలోకి వెళ్ళాక అర్థమైంది. ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్న ప్రొఫెసర్ అడిగాడు.

"అభివృద్ధి అంటే మీ దృష్టిలో ఏమిటమ్మా?"

"చివరింటికి నీళ్ళెక్కడం సార్."

ముగ్గురూ ఏదో రాసుకున్నారు. "చాలా స్థానికమైన దృక్పథం," అన్నాడు ప్రొఫెసర్. మెచ్చుకున్నాడనుకుని ఇంటికొచ్చింది. అది మెప్పు కాదని తెలియడానికి ఒక సెమిస్టరు పట్టింది.

పొద్దున తొమ్మిదిన్నరకి డ్యూటీ దిగి, చీర మార్చుకుని, పదకొండింటికి క్లాసులో కూర్చునేది. మిగతా విద్యార్థులందరికీ ఇరవై రెండు, ఇరవై మూడు. కొందరు ఆంటీ అన్నారు, కొందరు మేడమ్ అన్నారు, ఒకమ్మాయి మొదటి రోజు లేచి నిలబడి గుడ్ మార్నింగ్ చెప్పింది. పక్కన కూర్చునే కళ్ళజోడు పిల్ల మాత్రం "అక్కా" అని పిలిచి, రెండో రోజే నోట్సు అప్పడిగింది. ఆ పిల్లతో స్నేహం అలా కుదిరింది.

మొదటి పాఠం నగరాల్లో నీటి వృథా. ప్రొఫెసర్ చెబుతున్నాడు. పైన మేడ మీద ట్యాంకు పొంగి, నీళ్ళు గోడ వెంబడి జలజలా కారుతున్నాయి. క్లాసులో ఎవరి చెవికీ ఆ చప్పుడు సోకడం లేదు. వాల్వక్కకు పాఠం చెవికెక్కడం లేదు.

"సార్, పైన ట్యాంకు పొర్లుతోంది."

"అవునమ్మా, అది రోజూ పొర్లుతుంది. మనం విషయానికి వద్దాం," అన్నాడు ప్రొఫెసర్.

విరామంలో ఆమె మేడెక్కి చూసింది. ట్యాంకులో తేలాల్సిన బంతికి చిల్లు పడి, నీళ్ళు నిండి, అడుగున పడుకుని ఉంది. పక్కన ఎవరో పారేసిన నూనె డబ్బాకి మూత గట్టిగా బిగించి, తీగతో బంతి తగిలించే కడ్డీకి కట్టింది. చప్పుడు ఆగిపోయింది. ఆమె దృష్టిలో కథ అక్కడితో అయిపోయింది. కానీ చదువుకున్నవాళ్ళ దగ్గర ఏ కథా అంత త్వరగా అయిపోదు. మూడు వారాల తర్వాత ప్రొఫెసర్, ఆ రోజు మేడ మీద ఎవరో విద్యార్థి తీసిన ఫొటో ఒకటి తెర మీద వేశాడు. నూనె డబ్బా, తీగ, ఆ పక్కన వాల్వక్క మోచెయ్యి.

"సంప్రదాయ విజ్ఞానం అంటే ఇదీ! అమ్మా, ఈ పద్ధతి మీ పూర్వీకుల నుంచి మీకు ఎలా సంక్రమించింది?"

"పూర్వీకులు కాదు సార్. మా శాఖవాళ్ళు ట్రైనింగులో ఇచ్చిన పుస్తకం. ఇరవై మూడో పేజీ."

క్లాసంతా గొల్లుమంది. ప్రొఫెసర్ ఒక్క క్షణమే తడబడ్డాడు. "చూశారా, మౌఖిక సంప్రదాయం క్రమంగా లిఖిత రూపం ఎలా దాలుస్తుందో!" అన్నాడు. ఆ ఫొటో పెట్టి ఆయన రాసిన వ్యాసం విదేశంలో ఒక సదస్సుకి ఎంపికైంది. ప్రొఫెసర్ విమానమెక్కి వెళ్ళొచ్చాడు. వాల్వక్క మోచెయ్యి కూడా వెళ్ళొచ్చింది.

రెండో ఏడాది మొదట్లో క్షేత్ర అధ్యయనం వచ్చింది. విద్యార్థులు ఏదైనా ఒక బలహీన సమాజంలోకి వెళ్ళి, వారి నీటి కష్టాలు తెలుసుకుని నివేదిక రాయాలి. ఎంపిక చేసిన చోటు ఫొటో తెర మీద పడింది. కాలువ, గట్టు, గట్టు పక్కన ఇళ్ళు, ఒక ఇంటి పిట్టగోడ మీద ఆరేసిన నీలం యూనిఫాం.

"సార్, అది మా వీధి. ఆ యూనిఫాం నాదే."

ముప్పై తలలు వెనక్కి తిరిగాయి. అంత దగ్గరగా ఒక బలహీన సమాజం తమ పక్క బెంచీలో కూర్చుని ఉందని వాళ్ళకు అప్పటిదాకా తెలియదు.

"అద్భుతం!" అన్నాడు ప్రొఫెసర్. "అయితే మీరు సర్వేలో పాల్గొనకూడదు. పక్షపాతం వస్తుంది."

"మరి నేనేం చెయ్యాలి సార్?"

"ఇంట్లో ఉండండి. ఏడిళ్ళకి ఒకటి చొప్పున తీసుకుంటాం. మీ ఇల్లు వస్తే సహజంగా ప్రవర్తించండి."

వాళ్ళది ఇరవై ఒకటో ఇల్లు. వచ్చింది. వచ్చింది కూడా కళ్ళజోడు పిల్లే, నూటపద్నాలుగు ప్రశ్నల ఫారంతో.

"నమస్కారమండీ. నేను ఒక పరిశోధక విద్యార్థిని..."

"నువ్వెవరో నాకు తెలియదా తల్లీ? నిన్ననేగా నా పెన్ను పట్టుకుపోయావు. కూర్చో."

"అక్కా, ప్లీజ్. పరిచయం మొత్తం చదవాలి. రూలు."

చదివింది. వాల్వక్క చేతులు కట్టుకుని విని, సమ్మతి సంతకం పెట్టింది.

"నీటి కోసం మీరు రోజుకి ఎంత దూరం నడుస్తారు?"

"తొమ్మిది కిలోమీటర్లు."

ఆ పిల్ల కళ్ళు కళ్ళజోడుకంటే పెద్దవయ్యాయి. "తొమ్మిదా! బకెట్లు మోసుకునా?"

"బకెట్లు ఎందుకు? ఇనుప కీ మోసుకుని. నా డ్యూటీ అదేగా."

"ఆ ఆప్షన్ లేదక్కా," అని పాపం ఆ పిల్ల, ఐదు కిలోమీటర్లకు పైన అన్న గడిలో టిక్కు పెట్టింది. ఆ ఒక్క టిక్కుతో, వీధిలోని ఆడవాళ్ళు నీటి కోసం పడే యాతన సగటున ఎంతో పెరిగిపోయింది.

తర్వాత అత్తగారి వంతు. "మీరు ఎంతవరకు చదువుకున్నారు బామ్మగారూ?"

"నాకు చదువు రాదమ్మా."

వాల్వక్క నోరు తెరిచింది. అత్తగారు కంటితోనే నోరు మూయించింది. ఆ పిల్ల వెళ్ళిపోయాక అడిగితే, "చదువొచ్చంటే ఇంకో నలభై ప్రశ్నలుంటాయి. రాదంటే తిన్నగా డెబ్భై రెండుకి దూకుతారు. ఇదివరకే కనిపెట్టాను," అంది తాపీగా.

"ఇదివరకేమిటి అత్తయ్యా?"

"నువ్వు డ్యూటీలో ఉంటావు, నీకేం తెలుసు? ఇది పన్నెండోసారి. మొదట వచ్చినవాళ్ళకి టీ ఇచ్చాం. తర్వాతవాళ్ళకి కుర్చీ వేశాం. ఇప్పుడు జవాబులు మాత్రమే ఇస్తున్నాం."

పన్నెండుసార్లు. ఆ మాట వాల్వక్క బుర్రలో తిరగడం మొదలుపెట్టింది. పన్నెండుసార్లు అడిగి తీసుకెళ్ళిన జవాబులన్నీ ఏమయ్యాయి? సిద్ధాంత వ్యాసానికి అంశం చెప్పాల్సిన రోజున ప్రొఫెసర్‌కి అదే చెప్పింది.

"మా వీధి మీద ఇంతకుముందు చేసిన పరిశోధనలు ఏమయ్యాయో రాస్తాను సార్."

ఆయన ఇబ్బందిగా కదిలాడు. "అది పర్యావరణం కిందకి రాదు కదమ్మా?"

"కాగితం చెట్టు నుంచే వస్తుంది కద సార్?"

ఆయనకు నవ్వొచ్చి సంతకం పెట్టేశాడు. తర్వాత ఆ నవ్వు గురించి చాలా చింతించి ఉంటాడు.

నెల్లాళ్ళు తిరిగితే పదకొండు నివేదికలూ దొరికాయి. ఎనిమిది వాళ్ళ కాలేజీ లైబ్రరీలోనే ఉన్నాయి. వీధి పేరు ఏ ఒక్కదానిలోనూ లేదు. ఒకదానిలో కేస్ స్టడీ-బి. ఇంకోదానిలో ‘నీటి అంచున నిశ్శబ్ద జీవితాలు’. పక్కింటివాళ్ళు టీవీ పెట్టే చప్పుడు ఎరిగినవాళ్ళెవరూ ఆ వీధిని నిశ్శబ్దం అనరు. మరోదానిలో అనధికార ఆవాసం అని ఉంది. ముప్పై ఏళ్ళుగా పన్ను కడుతున్నామని చూపించే రసీదులు ఇంట్లో డబ్బాలో ఉన్నాయి.

నకళ్ళు ఇంటికి తెచ్చి, మధ్యాహ్నాలు అత్తాకోడళ్ళిద్దరూ బల్ల దగ్గర కూర్చుని చదివారు. అత్తగారు భూతద్దం పట్టుకుంది. మూడో నివేదికలో ఆవిడ మాటలే ఉన్నాయి. ‘నిరక్ష్యరాస్యురాలైన ఒక వృద్ధురాలు ఇలా వాపోయింది’ అని.

"చూశావా అమ్మాయ్," అంది ఆవిడ ఎర్ర పెన్సిలు తీస్తూ. "నన్ను నిరక్షరాస్యురాలన్నవాడికి ఆ మాట రాయడం రాలేదు. పైగా వాపోయానట. నేనెప్పుడు వాపోయాను?"

అలా నవ్వుకుంటూనే ఆరో నివేదికలోకి వచ్చారు. తొమ్మిదేళ్ళ కిందటిది. అందులో నూటనలభై పేజీలు సమాజం, సాధికారత, భాగస్వామ్యం. చిట్టచివర, అనుబంధం నాలుగులో, ఒక చిన్న పట్టిక. కాలువ పక్కనున్న బోరు నీటిని పరీక్షించిన ఫలితాలు. నైట్రేటు: నూటనలభై ఎనిమిది. ఉండదగిన గరిష్ఠ పరిమితి: నలభై ఐదు. కింద ఒక వాక్యం: ‘ఈ అంశంపై మరింత లోతైన అధ్యయనం అవసరం.’

నైట్రేటు గురించి రెండో సెమిస్టరులో ఎనిమిది మార్కుల ప్రశ్న వచ్చింది. వాల్వక్క ఏడు తెచ్చుకుంది. మురుగు భూమిలోకి ఇంకితే బోరు నీటిలో చేరుతుంది. పసిపిల్లలకు పాలపొడి అలాంటి నీళ్ళతో కలిపితే రక్తం ప్రాణవాయువును మొయ్యలేదు, పెదవులు నీలమవుతాయి. కాచితే పోదు. కాచేకొద్దీ నీరు ఆవిరై, మిగిలినదానిలో ఇంకా చిక్కబడుతుంది.

ఆమె ఆ పట్టిక మూడుసార్లు చదివింది.

ఎండాకాలంలో పై ట్యాంకు మట్టం పడిపోయినప్పుడు, ఆ బోరు నీటిని వీధి గొట్టంలోకి కలపమని ఆర్డరు వచ్చేది. నాలుగు చుట్లు. ఏటా మూడు నెలలు, తొమ్మిదేళ్ళు, ఆమె తన చేత్తోనే తిప్పింది. అంతటితో ఆగలేదు. తన వీధి కదా అని ఇంటింటికీ వెళ్ళి మరీ చెప్పింది, బోరు నీళ్ళు కలుస్తున్నాయి, కాచుకు తాగండి అని. అలా చెప్పినందుకు లోలోపల గర్వపడేది కూడా. ఎదురింటి టైలరమ్మకు ఆరేళ్ళ కిందట, వేసవిలో, ఆడపిల్ల పుట్టింది. పాలు పడలేదు, పాలపొడి పట్టింది. రెండో నెలలో పిల్ల పెదవులు నీలమై పదిహేను రోజులు ఆస్పత్రిలో ఉంది. బతికింది. ఎందుకొచ్చిందో డాక్టర్లు తేల్చలేదు. ‘నీళ్ళు కాచి కలిపావా?’ అని ఆస్పత్రి వరండాలో వాల్వక్కే అడిగింది. ‘రెండుసార్లు కాచానక్కా’ అంది టైలరమ్మ.

"ఏమైందమ్మాయ్? తప్పేమైనా దొరికిందా?" అని అత్తగారు అడిగింది.

"దొరికింది అత్తయ్యా. అచ్చుతప్పు కాదు."

తొమ్మిదేళ్ళ కిందటి లెక్క కదా, ఇప్పుడు మారి ఉండొచ్చు అని తనకు తాను నచ్చజెప్పుకుంది. మర్నాడు శుభ్రమైన సీసాలో బోరు నీళ్ళు పట్టి కాలేజీ ల్యాబుకి తీసుకెళ్ళింది. నూట అరవై ఒకటి వచ్చింది. మారింది మరి.

శాఖ రికార్డు గదిలో వెతికితే ఆ పాత నివేదిక ప్రతి కూడా దొరికింది. ఎంతో భద్రంగా ఉంది. ముందు పేజీ మీద అందినట్టు ముద్ర, దాని కింద పచ్చ సిరాతో రెండు ముక్కలు: ‘చూడబడినది. ఫైలు చేయవలెను.’ ఎవరి చేత చూడబడిందో లేదు. ఆఫీసు తెలుగులో కర్త ఉండడు. అది భాష చేసిన ఏర్పాటు.

అది ఎండలు ముదిరే కాలం. బోరు కలపమని ఆ వారమే ఆర్డరు వచ్చింది. వాల్వక్క బోరు వాల్వు గుంత దగ్గరకు వెళ్ళింది. తెరవలేదు. ఉన్న సందు కూడా లేకుండా బిగించి, మూతకి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడివేసుకుంది. ఆ తర్వాత టైలరమ్మ ఇంటికి వెళ్ళింది.

టైలరమ్మ మిషను మీద ఏదో స్కూలు చొక్కాకి కాలరు కుడుతోంది. వాల్వక్క నిలబడే చెప్పింది. పట్టిక, బోరు, నాలుగు చుట్లు, అన్నీ. చివరికి, "కాచి కలపమని నీకు చెప్పింది నేనే," అంది.

మిషను ఆగింది.

"నీకు తెలుసా అప్పుడు?"

"తెలీదు."

"మరి ఎవరికి తెలుసు?"

"కాగితానికి తెలుసు."

టైలరమ్మ మిషను సూది కింద నుంచి చొక్కా బయటికి లాగింది. దారం పంటితో కొరికి, చొక్కా మడతపెట్టి పక్కన పెట్టింది. "దానివల్లే అని రుజువుందా?"

"లేదు. కాదనడానికీ లేదు."

"అయితే ఆ కాగితం పట్టుకురా. వీధిలో అందరి ముందూ చదవాలి. దాన్ని రాసినవాళ్ళని కూడా రమ్మను."

ఆ ఆదివారం పొద్దున్న వీధి మధ్యలో కూర్చున్నారు. పరిశోధన ఫలితాలను ప్రజలకు తెలియజేస్తే కాలేజీకి ఏవో పాయింట్లు వస్తాయట, ప్రొఫెసర్ సంతోషంగా వచ్చాడు. కుర్చీలు చాలక, ఆయనకు ఒక బకెట్ బోర్లించి వేశారు. చిన్న సారు కూడా వచ్చి ఓ పక్కన నిలబడ్డాడు. నిరక్షరాస్యురాలైన వృద్ధురాలు లేచి, భూతద్దం పట్టుకుని, అనుబంధం నాలుగు గడగడా చదివింది. కళ్ళజోడు పిల్ల తల వంచుకుని తన పాత ఫారంలో ఏదో కొట్టేసింది.

టైలరమ్మ లేచింది. "ఈ పుస్తకం మీ కాలేజీదేనా సార్?"

"అవునమ్మా. నా పర్యవేక్షణలోనే జరిగింది."

"మరి మాకెందుకు చెప్పలేదు?"

"శాఖకి పంపించాం. జర్నల్లో కూడా వచ్చింది."

"ఆ జర్నలు ఈ వీధికి వేస్తారా?"

ప్రొఫెసర్ బకెట్ మీద అటూ ఇటూ సర్దుకున్నాడు. బకెట్ మీద కూర్చుని సిద్ధాంతం చెప్పడం కష్టం. చివరికి చాలా చిన్న గొంతుతో అన్నాడు, "నిజం చెప్పాలంటే ఆ పట్టిక నేను చూడలేదమ్మా. అనుబంధాలు ఎవరూ చదవరు."

రెండేళ్ళ చదువులో ఆయన నోట వాల్వక్క విన్న మాటల్లో అదొక్కటే నోట్సు లేకుండా గుర్తుండిపోయింది.

చిన్న సారు ఆమెను పక్కకు పిలిచాడు. "అక్కా, మీరు మూసింది మంచికే కావచ్చు. కానీ మూయడానికి ముందు అనుమతి అడగాలి కదా."

"అడిగితే ఎన్నాళ్ళు పడుతుంది సార్?"

"ఫైలు కదలాలి..."

"నీళ్ళు ఐదింటికే కదులుతాయి సార్."

మూడో రోజుకి మెమో వచ్చింది. అనుమతి లేకుండా వాల్వు మూసి ప్రజలకు నీటి ఎద్దడి కలిగించినందుకు ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని. తొమ్మిదేళ్ళలో కదలని శాఖ మూడు రోజుల్లో కదిలిందంటే, ఆ శాఖలో ప్రాణం లేదని ఎవరనగలరు? ఆమె ల్యాబు కాగితం జతచేసి రెండు వాక్యాల సంజాయిషీ రాసింది. దాని మీద విచారణాధికారిని వేశారు. ఆయన రిటైర్మెంటుకి దగ్గరపడ్డ ఇంజినీరు, మోకాళ్ళ నొప్పుల మనిషి. ఎద్దడికి గురైన కుటుంబాల వాంగ్మూలాలు తీసుకోవాలని రూలు. అరగంటలో నాలుగు సంతకాలు తీసుకుని పోదామని వచ్చాడు.

ఆయన ఎవరి వీధికి వచ్చాడో ఆయనకు తెలియదు. పన్నెండుసార్లు సర్వే చేయించుకున్న వీధి అది. జవాబులు చెప్పడంలో ఆ జనాన్ని మించినవారు లేరు. టైలరమ్మ ముందే ఇంటింటికీ తిరిగి చెప్పి ఉంచింది.

"ఎద్దడి వల్ల మీరు ఇబ్బంది పడ్డారా?" అని మొదటి ఇంట్లో అడిగాడు.

"పడ్డాం సార్. రోజూ ఇరవై నిమిషాలు తక్కువ వస్తున్నాయి. అది రాసుకోండి. బోరు మళ్ళీ తెరిస్తే ఒప్పుకోం. అదీ రాసుకోండి. రాసింది మాకు చదివి వినిపించండి. ముద్ర వేసి మాకో నకలివ్వండి."

"నకలెందుకమ్మా?"

"మా దగ్గర ఉంటుంది సార్. మీ దగ్గరవి ఫైల్లోనే నిద్రపోతుంటాయట."

నలభై ఎనిమిది ఇళ్ళు. తమను వదిలి వెళ్ళడానికి ఒక్క ఇల్లూ ఒప్పుకోలేదు. తమ వాంగ్మూలం తీసుకోకుండా ముందుకెళ్తే, ఆ సంగతే ఇంకో ఫిర్యాదుగా రాసిస్తామన్నారు. లిఫ్టు మెకానిక్కు ఆ వారం సెలవు పెట్టి, ఇంజినీరుగారికి ఇంటింటికీ కుర్చీ మోశాడు. మోకాళ్ళ నొప్పులవాడిని మెట్లెక్కించకూడదని ఆయన సిద్ధాంతం. అరగంట పని తొమ్మిది రోజులు సాగింది. ముద్ర సిరా రెండుసార్లు అయిపోయింది. నలభై ఎనిమిది ఇళ్ళలో నలభై ఎనిమిది ముద్ర కాగితాలు మిగిలాయి. ఇక ఏ పచ్చ సిరా అయినా ‘ఫైలు చేయవలెను’ అని రాస్తే, ఫైలు చేయాల్సింది నలభై తొమ్మిది చోట్ల.

ఇంజినీరు నివేదిక క్లుప్తంగా ఇచ్చాడు. బోరు శాశ్వతంగా మూసేయాలి, పై ట్యాంకు నుంచి వేరే గొట్టం వెయ్యాలి, ఈ వీధికి తనను మళ్ళీ పంపకూడదు.

ఈ గొడవ మధ్యలోనే వైవా జరిగింది. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు వ్యాసం అటూ ఇటూ తిప్పి, "మీ సిద్ధాంత చట్రం కనపడటం లేదే?" అన్నాడు.

"పట్టికలో నీళ్ళ సంగతి కనపడింది కద సార్?"

"అది సరే. కానీ మీరు విషయానికి మరీ దగ్గరగా ఉన్నారు. పరిశోధకురాలికి కొంత దూరం ఉండాలి."

"ఆ నీళ్ళే తాగాను సార్. ఇంకెంత దూరం జరగను?"

సెకండ్ క్లాసు వచ్చింది. కళ్ళజోడు పిల్లకి ఫస్ట్ క్లాసు వచ్చింది. తొమ్మిది కిలోమీటర్ల లెక్క ఆ పిల్ల వ్యాసంలో చాలా మంచి పేరు తెచ్చుకుంది. ఆ పిల్ల ఇంటికొచ్చి, సిగ్గుపడుతూ, "అది తీసేద్దామనుకున్నానక్కా, సార్ ఉంచమన్నారు," అంది. "ఉంచుకోలే తల్లీ, నడిచింది నేనేగా," అంది వాల్వక్క.

గొట్టం వెయ్యడానికి ఐదు నెలలు పట్టింది. బోరు నోటికి సిమెంటు వేసిన రోజున వీధిలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. టైలరమ్మ గుమ్మంలో నిలబడి చూసి లోపలికి వెళ్ళిపోయింది. వీధి పోరాటమంతా ముందుండి నడిపిన ఆ మనిషి, వాల్వక్కతో మాత్రం చాలాకాలం ముభావంగానే ఉంది. పోట్లాడలేదు. పలకరిస్తే పలికేది, అంతే. వాల్వక్క కూడా వెంటపడలేదు. తనకు తెలియక చేసిందని తనకు తెలుసు, టైలరమ్మకూ తెలుసు. ఆ తెలివిడి ఇద్దరికీ ఉపయోగపడలేదు. ఒక వానాకాలం మధ్యాహ్నం టైలరమ్మే చేతిలో టేపు పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, "నీ యూనిఫాం జాకెట్టు భుజం దగ్గర పిగిలింది, రోజూ చూస్తున్నాను. కొలతలివ్వు," అంది. భుజం, చెయ్యి కొలిచి, అంకెలు అరచేతి మీద రాసుకుంది. టైలరమ్మ వెళ్ళాక వాల్వక్క కుర్చీలో కూర్చుని, రెండేళ్ళలో మొదటిసారిగా, ఏడ్చింది.

మెమో ఆమె సర్వీసు పుస్తకంలో ఇప్పటికీ ఉంది. నీటి ఎద్దడి కలిగించినందుకు మందలింపు. అందువల్ల ఏడాదిపాటు ప్రమోషన్‌కి పనికిరాదు. ఆ ఏడాదిలో చిన్న సారుకి ఒక అంతర్జాతీయ సంస్థలో నీటి నిపుణుడిగా ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ ఆమె దగ్గరకొచ్చి, వాల్వు ఎటు తిప్పితే తెరుచుకుంటుందో కూడా అడిగి రాసుకున్నాడని అంటారు. ఏడాది గడిచాక, పీజీ ఉన్న ఉద్యోగి శాఖలో ఇంకెవరూ లేకపోవడంతో, నలభై ఏడో ఏట వాల్వక్క పర్యవేక్షకురాలైంది. ఆమెకు బల్ల, ఫ్యాను, పచ్చ సిరా పెన్ను ఇచ్చారు. పెన్నులో సిరా మార్పించుకుంది.

పర్యవేక్షకురాలిగా ఆమె పెట్టిన నియమం ఒక్కటే. వార్డులో సర్వే చేసేవాళ్ళు ఎవరైనా సరే, ఏం కనుక్కున్నారో తిరిగొచ్చి వీధిలో చదివి వినిపిస్తామని, అనుబంధాలతో సహా, ముందే రాసివ్వాలి. దాంతో పరిశోధక బృందాలు ఆ వీధికి రావడం మానేశాయి. ఇప్పుడు పక్క వార్డుకి వెళ్తున్నాయి. అక్కడి జనం బాగా సహకరిస్తారట. పోయిన నెల నుంచి ఆ పక్క వార్డు కూడా వాల్వక్క కిందకే వచ్చిందన్న సంగతి వాళ్ళకింకా తెలియదు.